హైదరాబాద్‌లో ఉండి స్కూబా పరికరాలు కొనేవారికి: నమ్మదగిన బ్రాండ్‌ను ఎంచుకునే పద్ధతి

హైదరాబాద్ నుంచి అతి దగ్గరి సముద్రానికైనా కొన్ని వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అయినా చలికాలం మొదలయ్యేసరికి ఇక్కడి నుంచి అండమాన్‌కు, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి, విశాఖలోని రుషికొండకు స్కూబా డైవింగ్ (సిలిండర్ గాలితో నీటి అడుగున ఈదడం) కోసం బయలుదేరేవారు పెరుగుతూనే ఉన్నారు. కోర్సు పూర్తిచేసి, లైసెన్సు కార్డు చేతికి వచ్చాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: సొంత పరికరాలు కొనాలంటే ఏ బ్రాండ్ మంచిది?

ఆ ప్రశ్నను నేను కొంచెం మార్చి అడగమంటాను. సిలిండర్‌లోని గాలిని పీల్చదగ్గ పీడనానికి తగ్గించి నోటికి అందించే రెగ్యులేటర్ అనేది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు తీసి, కొత్తవి వేసి బిగించాల్సిన యంత్రం. ఆ పని తెలిసిన మనిషి, అందుకు కావాల్సిన అసలు విడిభాగాలు మీకు అందుబాటులో ఉన్నాయా? సముద్రానికి ఇంత దూరంలో ఉండే మనకు ఏ బ్రాండ్ నమ్మదగినదో తేల్చేది ఇదే. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఆలోచన మీదే ఆధారపడి ఉన్నాయి.

మొదటి మెట్టు: ఏది ముందు కొనాలి, ఏది అసలు కొనకూడదు

మొత్తం సెట్టు ఒకేసారి తీసుకుంటే తగ్గింపు ఇస్తామని ఎవరైనా అంటే తొందరపడకండి. రెగ్యులేటర్, బీసీడీ (గాలి నింపుతూ, తీస్తూ తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్), కంప్యూటర్ కలిపితే లక్ష రూపాయలు దాటడం మామూలే. అంత డబ్బు పెట్టేముందు ఏది ఎందుకో తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు మాస్కు. అది మీ ముఖానికి అతుక్కోవాలి కాబట్టి అద్దె మాస్కుతో సర్దుకోవడంలో అర్థం లేదు. తర్వాత డైవ్ కంప్యూటర్. మీ శరీరంలో చేరిన నత్రజనిని లెక్కగట్టి, ఎంతసేపు కింద ఉండవచ్చో చెప్పేది అదే. అద్దె కంప్యూటర్ ఉదయం ఇంకొకరి చేతికి ఉండి ఉంటే, అందులో ఉన్నది వారి శరీరపు లెక్క, మీది కాదు. పైగా నీటి అడుగున అలారం మోగినప్పుడు తెర మీద ఏ అంకె ఏమిటో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. ఆ తర్వాత ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు), బూటీలు, వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు దుస్తులు). ఏటా డైవింగ్‌కు వెళతానన్న నమ్మకం కుదిరాకే రెగ్యులేటర్, ఎందుకంటే వాడినా వాడకపోయినా దానిలోని రబ్బరు పాతబడుతుంది, సర్వీసు తేదీ వచ్చేస్తుంది. బీసీడీ చివర.

సిలిండర్ మాత్రం కొనవద్దు. మన దేశంలో డైవ్ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించే అల్యూమినియం 80 సిలిండర్ ఖాళీగా ఉన్నప్పుడే సుమారు 14 కిలోలు ఉంటుంది. దేశీయ విమానాల్లో చెకిన్ సామాను పరిమితి చాలావరకు 15 కిలోలు. అధిక పీడన సిలిండర్లన్నీ 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల పరిధిలోకి వస్తాయి. నాగ్‌పుర్ కేంద్రంగా పనిచేసే పెసో అనే ప్రభుత్వ సంస్థ అనుమతి, కాలానుగుణంగా నీటి పీడనంతో చేసే హైడ్రో పరీక్ష తప్పవు. సిలిండరు, బరువులు డైవ్ రుసుములోనే కలిపి కేంద్రమే ఇస్తుంది. ఆ భారం వాళ్లకే వదిలేయండి.

రెండో మెట్టు: బ్రాండ్ పేరు కంటే ముందు సర్వీసు చిరునామా

స్కూబాప్రో 1963లో అమెరికాలో పుట్టింది. మారెస్ 1949లో ఇటలీలోని రపాల్లోలో, క్రెస్సీ 1946లో జెనోవాలో మొదలయ్యాయి. ఎపెక్స్ ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ నుంచి వచ్చింది. ఆక్వాలంగ్ మూలాలు 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ తయారుచేసిన తొలి పరికరం దాకా వెళతాయి. వీటిలో ఏ ఒక్కదాని రెగ్యులేటర్ తీసుకున్నా, పెట్టె తెరిచిన రోజున ఊపిరి గురించి దిగులు పడాల్సిన పని లేదు. తేడాలు బయటపడేది రెండో ఏడో మూడో ఏడో, సర్వీసు చేయించాల్సి వచ్చినప్పుడు.

సిలిండర్‌లో 200 బార్ పీడనంతో ఉన్న గాలిని, రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు తగిలించే భాగమైన ఫస్ట్ స్టేజ్ సుమారు 9, 10 బార్లకు తగ్గిస్తుంది. ఆ పని చేసేది లోపల ఉండే చిన్న సీటు (గాలి దారిని మూసే భాగం), దాని చుట్టూ ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు). ప్రతి శ్వాసకూ అవి కదులుతాయి, వాటి పక్కనే ఉప్పు పేరుకుంటుంది. అందుకే కంపెనీలు ఏటా ఒక తనిఖీ, రెండేళ్లకో లేదా 100 డైవ్‌లకో పూర్తి సర్వీసు అని సాధారణంగా చెబుతాయి; కచ్చితమైన గడువు మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. ఆ సర్వీసుకు వాడే కిట్ ఆ మోడల్‌కే ప్రత్యేకం. విప్పే సాంకేతిక నిపుణుడికి ఆ బ్రాండ్ ఇచ్చిన శిక్షణ ఉండాలి.

కాబట్టి కొనేముందు ఒక కాగితం తీసుకోండి. రాబోయే రెండు మూడేళ్లలో మీరు డైవింగ్ చేయాలనుకుంటున్న చోట్ల పేర్లు రాయండి. అక్కడి డైవ్ కేంద్రాలకు ఫోన్ చేసి ఇవి అడగండి: మీరు అద్దెకిచ్చే రెగ్యులేటర్లు ఏ బ్రాండ్‌వి? వాటిని ఎవరు సర్వీసు చేస్తారు, వారికి ఆ బ్రాండ్ శిక్షణ పత్రం ఉందా? సర్వీసు కిట్లు నిల్వ ఉంటాయా, తెప్పించాలా, తెప్పిస్తే ఎన్ని వారాలు పడుతుంది? నేను హైదరాబాద్ నుంచి కొరియర్‌లో పంపితే తీసుకుంటారా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. ఆ కేంద్రాల్లో ఒక్కో రెగ్యులేటర్ సీజను పొడవునా రోజూ ఉప్పునీటిలో నానుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని ఇసుకలో పడేస్తారు, మౌత్‌పీస్ కొరికేస్తారు. అంత వాడకాన్ని తట్టుకోలేని వస్తువును ఏ కేంద్రమూ కొన్నేళ్ల పాటు అట్టిపెట్టుకోదు. వేర్వేరు కేంద్రాలు ఒకే బ్రాండ్ పేరు చెబితే, విడిభాగాలు ఈ దేశంలోకి సక్రమంగా వస్తున్నాయని అర్థం. ఆన్‌లైన్‌లో వంద నక్షత్రాల కంటే నాకు ఈ ఆధారం మీదే గురి.

ఇక్కడ ఒక జాగ్రత్త. శిక్షకులు చెప్పే మాట గౌరవించండి, కానీ కారణం అడగండి. మారెస్ బ్రాండ్, ఎస్ఎస్ఐ శిక్షణ సంస్థ రెండూ హెడ్ అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. అందువల్ల మారెస్ నాసిరకం అయిపోదు, అది మంచి బ్రాండే. కానీ మీ కేంద్రం దేనికైనా డీలర్ కూడా అయితే, వారి సిఫారసులో అమ్మకం పాలు ఎంతో మీరు తూచుకోవాలి. ఆక్వాలంగ్ కూడా ఆర్థిక ఇబ్బందుల తర్వాత అదే హెడ్ సంస్థకు చేరింది, దాంతోపాటే ఎపెక్స్ కూడా. ఇలా యాజమాన్యాలు మారినప్పుడు దిగుమతిదారులూ మారతారు, వారంటీ షరతులూ మారతాయి. ఐదేళ్ల కిందట ఎవరో రాసింది చదివి నిర్ణయించుకోకుండా, ఇప్పుడు మన దేశంలో ఆ బ్రాండ్ బాధ్యత ఎవరిదో కంపెనీనే అడిగి తెలుసుకోండి.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్‌లో ఏ యంత్రానికైనా ఓ-రింగ్ కావాలంటే మన కాళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్ వైపే నడుస్తాయి. పంపులకు, కంప్రెషర్లకు అది సరైన చోటే. రెగ్యులేటర్ లోపలికి మాత్రం అక్కడి రింగు వేయించవద్దు. కొలత సరిపోయినంత మాత్రాన రబ్బరు రకం, గట్టిదనం సరిపోవు. ముప్పై మీటర్ల లోతులో మీ ఊపిరి దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మూడో మెట్టు: వస్తువు మీద ఉన్న గుర్తులు చదవడం

మంచి రెగ్యులేటర్ మీద ఐరోపా నిబంధనలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు, దాని పక్కన నాలుగంకెల సంఖ్య, ఈఎన్ 250 అన్న ప్రమాణం పేరు చెక్కి ఉంటాయి. ఈ ఐరోపా ప్రమాణం కింద పరికరాన్ని 50 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో, నిమిషానికి 62.5 లీటర్ల గాలి లాగుతూ పరీక్షిస్తారు. బాగా ఆయాసపడుతున్న మనిషి ఊపిరి అంత ఉంటుంది. లీటరు గాలికి శ్వాస తీసుకునే శ్రమ 3 జౌళ్లు దాటకూడదు. ఈఎన్ 250 పక్కన ఏ అనే అక్షరం ఉంటే, ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఆక్టోపస్ అనే అదనపు మౌత్‌పీస్‌తో కలిపి ఇద్దరు ఊపిరి తీసుకునే పరిస్థితికి కూడా పరీక్షించారని అర్థం. తోటి డైవర్ గాలి అయిపోయి మీ దగ్గరకు వచ్చినప్పుడు ఆ అక్షరమే కాపాడుతుంది.

కొన్నింటి మీద 10 డిగ్రీలకు పైన అని కూడా రాసి ఉంటుంది. అంటే మంచులాంటి చల్లటి నీటికి అది అనుమతి పొందలేదు. అండమాన్‌లో నీళ్లు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి, మన తీరాలకు దానితో ఇబ్బంది లేదు. చల్లనీటి కోసం చేసిన ఖరీదైన మోడల్‌కు అదనంగా చెల్లించే అవసరం మనలో చాలామందికి రాదు.

ఆ నాలుగంకెల సంఖ్య పరీక్షను పర్యవేక్షించే సంస్థది. ఐరోపా కమిషన్ నిర్వహించే నాండో జాబితాలో ఆ సంఖ్య కొట్టి చూస్తే సంస్థ పేరు వస్తుంది. సంఖ్య లేని ఒట్టి సీఈ ముద్ర రెగ్యులేటర్ మీద కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి. ఆ రెండక్షరాలు ముద్రించడం ఎవరికైనా తేలికే. బీసీడీలకు ఈఎన్ 1809, లోతు కొలిచే పరికరాలకు ఈఎన్ 13319 ఉంటాయి.

నాలుగో మెట్టు: రెగ్యులేటర్ రకం తేల్చుకోవడం

బ్రాండ్ ఎంపిక ఇక్కడ రెండుమూడు పేర్లకు వచ్చి ఉంటుంది. ఇప్పుడు లోపలి నిర్మాణం చూడాలి. ఫస్ట్ స్టేజ్‌లు పిస్టన్, డయాఫ్రం అని రెండు రకాలు. పిస్టన్ రకంలో కదిలే భాగాలు తక్కువ, కానీ చాలా మోడళ్లలో స్ప్రింగు గది లోపలికి సముద్రపు నీరు వస్తుంది, దానితో ఉప్పూ ఇసుకా వస్తాయి. డయాఫ్రం రకంలో ఒక రబ్బరు పొర నీటిని బయటే ఆపేస్తుంది. ఎపెక్స్‌వి డయాఫ్రం ఫస్ట్ స్టేజ్‌లు. స్కూబాప్రో రెండూ చేస్తుంది: ఎంకే25 పిస్టన్, ఎంకే17 డయాఫ్రం.

ఏడాదిలో కొద్ది రోజులు డైవ్ చేసి, మిగతా కాలమంతా అల్మారాలో దాచే మనలాంటివారికి నేను బ్యాలన్స్‌డ్ డయాఫ్రం వైపే మొగ్గుతాను. కడగడంలో కొంత లోపం జరిగినా లోపలి యంత్రానికి ఉప్పు తగలదు. బ్యాలన్స్‌డ్ అంటే సిలిండర్‌లో గాలి తగ్గుతున్నా, లోతు పెరుగుతున్నా ఊపిరి ఒకేలా అందడం. స్కూబాప్రో ఎంకే2 లాంటి అన్‌బ్యాలన్స్‌డ్ పిస్టన్ పాత హెచ్‌ఎంటీ గడియారం లాంటిది: భాగాలు తక్కువ, సర్వీసు తేలిక, ఏళ్ల తరబడి నడుస్తుంది. సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ శ్వాస కొంచెం బరువవుతుంది. పద్దెనిమిది మీటర్ల లోపే డైవ్ చేసేవారికి, డబ్బు చూసుకోవాల్సిన వారికి అది చౌకబారు ఎంపిక ఎంతమాత్రం కాదు.

సిలిండర్‌కు తగిలించే కొక్కెం సంగతి మరవకండి. ఇది యోక్, డిన్ అని రెండు రకాలు. యోక్ సిలిండర్ వాల్వు చుట్టూ పట్టులా బిగుస్తుంది. డిన్ మరలతో బిగుస్తుంది కాబట్టి ఓ-రింగ్ బయటకు తన్నుకొచ్చే అవకాశం తక్కువ, అది మెరుగైన పద్ధతే. కానీ మన దేశంలో చాలా కేంద్రాల సిలిండర్లు యోక్‌కు సరిపడేవి. డిన్ కొంటే యోక్ అడాప్టర్ కూడా సంచిలో ఉండాలి.

హోసుల (గాలి గొట్టాల) విషయంలో ఒక హెచ్చరిక. దారాల అల్లికతో తేలికగా, అందంగా ఉండే హోసుల్లో కొన్ని పాత రకాల లోపలి పొర వేడికి, తేమకు విచ్ఛిన్నమై స్ఫటికాలు కట్టి గాలి దారిని మూసేసిన సంఘటనలను డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ప్రచురించింది. మన వాతావరణం వేడిది. పాత అల్లిక హోసు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మామూలు నల్ల రబ్బరు హోసు చాలు.

ఐదో మెట్టు: కంప్యూటర్

ఇక్కడ బ్రాండ్లు వేరు. కెనడా నుంచి షియర్‌వాటర్, ఫిన్లాండ్ నుంచి సూంటో, ఇంకా గార్మిన్, మారెస్, క్రెస్సీ, స్కూబాప్రో. నత్రజని లెక్క కట్టే సూత్రం ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. షియర్‌వాటర్, గార్మిన్‌లలో బ్యూల్మన్ జెడ్‌హెచ్‌ఎల్-16సీ అనే సూత్రం ఉంటుంది, దానిలో ఎంత జాగ్రత్తగా ఉండాలో మీరే సర్దుకోవచ్చు. ఆర్‌జీబీఎం అనే మరో సూత్రం వాడే కంప్యూటర్లు ఒకే రోజు మూడో, నాలుగో డైవ్‌కు సమయాన్ని బాగా కుదిస్తాయి. ఇద్దరు కలిసి దిగినప్పుడు రెండు కంప్యూటర్లు రెండు మాటలు చెబితే, తక్కువ సమయం చూపేదాన్నే పాటించాలి.

నేను ఎక్కువ విలువిచ్చేది బ్యాటరీకి. షియర్‌వాటర్ పెర్డిక్స్‌లో మామూలు ఏఏ బ్యాటరీ వేయవచ్చు. అది అండమాన్ దీవుల్లో కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. బటన్ సెల్ వాడేవాటిలో వినియోగదారుడే మార్చుకోగల మోడల్ తీసుకోండి, ప్రతిసారీ మూత ఓ-రింగ్ కూడా మార్చండి. గడియారాల దుకాణంలో మూత తీయించుకుంటే నీరు చొరబడని సీలు పోయే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ రకమైతే బ్యాటరీ బలహీనపడినప్పుడు ఎక్కడికి పంపాలో ముందే అడగండి.

కంప్యూటర్లలో పెద్ద బ్రాండ్లకూ తప్పులు జరుగుతాయి. 2006 నుంచి 2018 మధ్య తయారైన సూంటో కంప్యూటర్ల పీడన సెన్సార్ల మీద అమెరికాలో సామూహిక వ్యాజ్యం నడిచింది. రాజీలో భాగంగా వాటిని పరీక్షించి, బాగుచేసే లేదా మార్చి ఇచ్చే ఏర్పాటు జరిగింది. పాత కంప్యూటర్ కొనేటప్పుడు తయారీ సంవత్సరం చూడటం అందుకే అవసరం. ఏ పరికరమైనా మోడల్ పేరుతో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం వెబ్‌సైట్‌లో వెతికితే వెనక్కి పిలిచిన వాటి వివరాలు ఉచితంగా దొరుకుతాయి.

ఆరో మెట్టు: మాస్కు, ఫిన్స్, వెట్‌సూట్

వీటిలో బ్రాండ్ కంటే కొలత ముఖ్యం. మాస్కు అద్దం మీద టెంపర్డ్ అన్న ముద్ర, చుట్టూ సిలికాన్ అంచు ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అంచు వద్దు. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చేయి తీసినా అంటుకునే ఉంటే అది మీ మాస్కు. మీసం ఉన్నవారు పై పెదవి దగ్గర మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ ఒక్క వస్తువు మాత్రం నగరంలోని క్రీడా సామగ్రి దుకాణాల్లోనే పరీక్షించి కొనవచ్చు. మొత్తం ముఖాన్ని కప్పే స్నార్కెల్ మాస్కులు నీటి పైన ఈదడానికే. స్కూబాకు వాటిని వాడకూడదు.

మన నీళ్లకు మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ సరిపోతుంది. తైవాన్‌లోని షీకో లాంటి తయారీ సంస్థలు ఎన్నో బ్రాండ్లకు వెట్‌సూట్లు కుట్టిస్తాయి, కాబట్టి పేరు కోసం రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. కుట్లు, జిప్పు, మెడ దగ్గర బిగుతు చూసుకుంటే చాలు.

ఏడో మెట్టు: కొనే చోటు

అధీకృత డీలర్ దగ్గర కొంటే దిగుమతి సుంకం, పన్నులు కలిసి ధర ఎక్కువే ఉంటుంది. విదేశంలో ఉన్న బంధువులతో తెప్పించుకోవడం చవక. మన ఇళ్లలో అమెరికా నుంచి వచ్చేవారు ఉండనే ఉంటారు. మాస్కు, ఫిన్స్ అలా తెప్పించుకుంటే నష్టం లేదు. రెగ్యులేటర్ విషయంలో మాత్రం కంపెనీకి రాసి, ఆ సీరియల్ నంబర్‌కు భారతదేశంలో వారంటీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే నిర్ణయించండి. జీవితకాల వారంటీ అని రాసి ఉన్నా, అధీకృత డీలర్ రసీదు, గడువు తప్పని సర్వీసు చరిత్ర లేకపోతే అది చెల్లకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ రెగ్యులేటర్ కొనవచ్చు, దాని ధరకు పూర్తి సర్వీసు ఖర్చు కలిపి చూసుకోండి. కిట్లు రావడం ఆగిపోయిన మోడల్ ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

ఇక, ఆన్‌లైన్‌లో చేతిపంపుతో గాలి నింపుకునే అర లీటరు బుల్లి సిలిండర్లు ఎవరైనా కొనేలా అమ్ముతున్నారు. వాటి గురించి గట్టిగా చెప్పాలి: కొనవద్దు, పిల్లలకు అస్సలు ఇవ్వవద్దు. అర లీటరులో 200 బార్ నింపితే వచ్చేది 100 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి నీటి పైన 5 నిమిషాలు, పది మీటర్ల లోతులో రెండున్నర నిమిషాలు. కంగారు పడితే అందులో సగం కూడా రాదు. గాలి ఎంత మిగిలిందో చూసుకునేలోపే అయిపోతుంది, ఊపిరి బిగబట్టి పైకి వస్తారు. పీడనంతో నింపిన గాలి నీటి అడుగున పీల్చిన తర్వాత ఊపిరి బిగబట్టి వస్తే మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తులు చిట్లవచ్చు. ఫాంహౌస్ ఈతకొలను కూడా అంత లోతు ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: సముద్రానికి ముందు ఈతకొలను, తర్వాత అల్మారా

కొత్త పరికరాన్ని తొలిసారి సముద్రంలో దించవద్దు. నగరంలో ఈతకొలనుల్లో శిక్షణ ఇచ్చే డైవింగ్ సంస్థలతో మాట్లాడి, శిక్షకుడి సమక్షంలో ఒక గంట వాడి చూడండి. సిలిండర్‌కు తగిలించక ముందు, ఫస్ట్ స్టేజ్ మీద డస్ట్ క్యాప్ (గాలి వచ్చే రంధ్రాన్ని మూసే మూత) గట్టిగా బిగించి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని గాలి లాగండి. గాలి రాకూడదు, వస్తే ఎక్కడో కారుతోంది. తర్వాత సిలిండర్ తెరిచి పది నిమిషాలు అలాగే వదిలేసి వినండి. మొదట ఊరుకుని, కాసేపటికి సెకండ్ స్టేజ్ (నోటి దగ్గరి భాగం) సన్నగా బుసకొడుతుంటే లోపలి సీటు సరిగా కూర్చోలేదు. అలాంటిది వారంటీ కింద వెంటనే వెనక్కి పంపండి.

తిరిగి వచ్చాక కడగడానికి బోరు నీళ్లు వాడవద్దు. హైదరాబాద్ బోర్లలో లవణాలు ఎక్కువ, ఆరాక తెల్లటి పొర కడుతుంది. మంజీర, కృష్ణా నల్లా నీళ్లలో నానబెట్టండి. అవీ దొరక్కపోతే చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేయండి. నానుతున్నంతసేపూ డస్ట్ క్యాప్ బిగించే ఉండాలి, సెకండ్ స్టేజ్ మీద ఉండే, గాలిని ఒక్కసారిగా వదిలే పర్జ్ బటన్ నొక్కకూడదు. నొక్కితే నీరు హోసులోంచి ఫస్ట్ స్టేజ్‌కు చేరుతుంది. బీసీడీ సంచిలోకి కూడా మంచినీళ్లు పోసి, ఊపి, తలకిందులుగా వంచి తీసేయాలి. నీడలో ఆరబెట్టి, హోసులు మడతపడకుండా పెద్ద చుట్టలుగా చుట్టి ఉంచండి. మే నెలలో కారు డిక్కీలో ఏదీ వదలవద్దు. విమానంలో వెళ్లేటప్పుడు టార్చి, కంప్యూటర్ల లిథియం బ్యాటరీలు చేతి సంచిలో పెట్టుకోండి. సర్వీసు తేదీ రాసిన చీటీని రెగ్యులేటర్ సంచికే కుట్టించండి, అండమాన్ టికెట్లు తీసుకునే రోజున ముందు ఆ చీటీ చూసి, అవసరమైతే రెండు నెలల ముందే కొరియర్ చేయండి.